పొంగు దించిన తర్వాత

పెద్దవాళ్ళు ఏడిస్తే ఎలా ఉంటుందో మాధవీలత మొదటిసారి విన్నది తన ముప్పై ఎనిమిదో ఏట, బిలాస్‌పూర్‌లో ఒక ఆసుపత్రి మంచం మీద. డెంగీ జ్వరం వచ్చి ఐదో రోజు. చేతికి సెలైన్ ఎక్కుతోంది. తలుపు అవతల వరండాలోంచి ఏదో చప్పుడు వస్తోంది. పంపు చెడిపోయిందనుకుంది. నీళ్ళందని మోటారు గాలి పీల్చి, ఆగి, మళ్ళీ పీల్చినట్టుగా ఉంది. కాసేపటికి ఆ చప్పుడులో తన పేరు వినిపించింది.

సెలైన్ స్టాండు పట్టుకుని లేచి, గోడ ఆనుకుంటూ బయటికి వచ్చింది. వరండాలో పదిహేను ఇరవై మంది గుమిగూడి ఉన్నారు. వాళ్ళ మధ్య, నేల మీద, మోకాళ్ళలో తల పెట్టుకుని ఆమె భర్త పైడిరాజు కూర్చున్నాడు. లోకో పైలట్ యూనిఫాం కూడా విప్పలేదు. డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. చుట్టూ ఉన్నవాళ్ళెవరూ భయపడలేదు, నవ్వలేదు. ఒకావిడ గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. ఒక ముసలాయన వంగి, "కహా దర్ద్ హై, బేటా?" అని మర్యాదగా అడిగాడు.

మాధవీలత అతని ఎదురుగా నిలబడి, "ఏటయింది? ఎక్కడ నొప్పి?" అంది.

పైడిరాజు తలెత్తాడు. మొహమంతా తడిగా ఉంది. "ప్లేట్‌లెట్లు పదివేలకి పడిపోయాయన్నారు. నువ్వు పోతావనుకున్నాను."

"పోతే?" అని అడిగింది. దెప్పాలని కాదు, నిజంగానే అర్థం కాక. "పోతే ఆర్నెల్లలో మీకు ఇంకొకర్ని ఇస్తారు కదా."

పైడిరాజు ఆమె కాళ్ళు చుట్టేసుకుని మళ్ళీ ఏడ్చాడు. సెలైన్ స్టాండు పడిపోకుండా ఎవరో పట్టుకున్నారు. వార్డు సిస్టర్ హరిప్రియ ఇదంతా చూసి, నిబంధన ప్రకారం రాయవలసిన రిపోర్టు రాసుకుంది.

అప్పటికి మూడు తరాలుగా ఆ ఊళ్ళోనే కాదు, దేశంలో ఎక్కడా పెద్దవాళ్ళు అలా ఏడవడం దాదాపుగా లేదు. ముత్తాతల నాటి అల్లర్ల తర్వాత వచ్చిన పద్ధతి అది. బిడ్డ కావాలనుకున్న ఆలుమగలు తమ వంతు వచ్చినప్పుడు క్లినిక్కుకు వెళ్ళాలి. వడ్లలోంచి తాలు ఏరినట్టు అక్కడ పిండాల్ని ఏరుతారు. పట్టలేని కోపం, మోహం, ఈర్ష్య, తట్టుకోలేని దుఃఖం మొలకెత్తే వాటిని పక్కన పెట్టి, మిగిలినదాన్ని తల్లి కడుపులో పెడతారు. ఒక తరం ఏరితే సరిపోదు. ఏరకుండా కన్నచోట అది మళ్ళీ మొలుస్తుంది. అందుకని తరతరమూ ఏరవలసిందే. సర్కారు కాగితాల్లో దాని పేరు శమన్. రైల్వే క్వార్టర్లలోని తెలుగువాళ్ళు నిమ్మళం అంటారు. ఎక్కడైనా తప్పి పుట్టినవాళ్ళలో కనిపించేదాన్ని పొంగు అంటారు. దానికి ఆసుపత్రిలో వైద్యం ఉంది. పొయ్యి మీంచి పాలగిన్నె దించినట్టు, పొంగు దించడం అంటారు దాన్ని.

దీనివల్ల మేలు జరగలేదని ఎవరూ అనలేరు. పెళ్ళాన్ని కొట్టినవాడి పేరు ఊళ్ళో వినపడి డెబ్భై ఏళ్ళయింది. పట్టాల మీద తల పెట్టినవాణ్ణి కళ్ళారా చూసిన డ్రైవరు డిపోలో ఒక్కడూ లేడు. మనుషులు ఒకరికొకరు సాయం చేసుకుంటారు, వేళకు తింటారు, వేళకు పడుకుంటారు. పెళ్ళిళ్ళు నెహ్రూ నగర్‌లోని జత ఆఫీసు చూసుకుంటుంది. భాష, ఉద్యోగం, ఆరోగ్యం చూసి ఇద్దరిని పిలుస్తుంది. తాతల కాలంలో విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన కుటుంబాల్లోంచి మాధవీలతనూ పైడిరాజునూ తొమ్మిదేళ్ళ కింద అలాగే పిలిచింది.

మాధవీలత కంట్రోల్ ఆఫీసులో సెక్షన్ కంట్రోలర్. బిలాస్‌పూర్ నుంచి పెండ్రా రోడ్ దాకా ఏ బండి ఎక్కడుందో చూస్తూ, ఏది ముందు పోవాలో, ఏది ఆగాలో చెప్పడం ఆమె పని. పైడిరాజు అదే లైనులో గూడ్సు బళ్ళు నడుపుతాడు. జత ఆఫీసులో మొదటిసారి ఆమెను చూడగానే అతని చేతిలో ఫైలు జారి కాగితాలన్నీ నేల మీద పడ్డాయి. ఆమె కూడా వంగి ఏరిపెట్టింది. చేతిపట్టు సరిగా లేని మనిషేమో, డ్రైవరు పనికి ఎలా తీసుకున్నారో అనుకుంది, అంతే.

తర్వాత తొమ్మిదేళ్ళలో ఆమె ఇంకొన్ని గమనించింది, దేన్నీ పట్టించుకోలేదు. వేసవిలో పెండ్రా వైపు వెళ్ళి వచ్చినప్పుడల్లా ఆకు పొట్లంలో తెందు పళ్ళు, అంటే తునికి పళ్ళు, తెచ్చేవాడు. ఆమె "అచ్ఛా, బల్ల మీద పెట్టండి" అనేది. ఆమె డ్యూటీ దిగే వేళకు కంట్రోల్ ఆఫీసు గేటు దగ్గర నిలబడి ఉండేవాడు. ఎందుకొచ్చారని అడిగితే, దారే కదా అనేవాడు. అది అతని దారి కాదు. ఇక రేడియోలో ఆమె ఏ ఆర్డరు చెప్పినా, "మళ్ళీ ఒకసారి చెప్పండి, కంట్రోల్" అనేవాడు. ఆమె మళ్ళీ చెప్పేది. అతని ఇంజిన్లో రేడియో సెట్టు బాగాలేదని రెండుసార్లు కంప్లైంటు రాసి మార్పించింది కూడా.

ఆసుపత్రిలో ఏడ్చిన వారం రోజులకు, మాధవీలత జ్వరం తగ్గి ఇంటికొచ్చాక, ఇద్దర్నీ డాక్టర్ రవిచంద్ర పిలిపించాడు. ఆయన నెమ్మదైన మనిషి, అందరిలాగే. పరీక్ష కాగితం ముందు పెట్టుకుని, "ఇది మధ్యలో వచ్చింది కాదు, పైడిరాజు గారూ. పుట్టుకతోనే ఉంది. ముప్పై తొమ్మిదేళ్ళు మీరు దాచుకున్నారు. చాలా కష్టపడి ఉంటారు" అన్నాడు.

నిబంధన చదివి వినిపించాడు. ముప్పై రోజులు గడువు. ఆలోపు పొంగు దించుకోవచ్చు. ఇష్టం లేకపోతే బలవంతం లేదు. అడవుల అవతల అలాంటివాళ్ళకు వేరే బస్తీ ఉంది, అక్కడ ఇల్లూ పనీ ఇస్తారు. కానీ వెళ్ళినవాళ్ళు మళ్ళీ ఇటు రారు. ఇటువాళ్ళు అటు వెళ్ళరు. ఉత్తరాలు కూడా ఉండవు.

"మీరు బాగా ఆలోచించుకుని చెప్పండి" అన్నాడు డాక్టరు.

ఆ సాయంత్రం క్వార్టరు వెనక అరుగు మీద కూర్చుని పైడిరాజు అంతా చెప్పాడు. "మా అమ్మకి క్లినిక్కులో పెట్టిన కడుపు రెండో నెల్లోనే పోయిందట. మళ్ళీ వంతు రావాలంటే ఆరేళ్ళు. అప్పటికే ఆవిడికి ముప్పై ఎనిమిది. ఎవరికీ చెప్పలేదు. ఆ మరుసటి నెలే మామూలుగా నేను కడుపున పడ్డాను. బెల్తరాలో ఒక మంత్రసాని ఇంట్లో కని, తేదీ ముందుకి జరిపి రాయించింది. ఆ పోయిన బిడ్డ కాగితాల మీదే నేను బతికేస్తన్నాను."

"అత్తకి తెలుసా మీకు పొంగుందని?"

"నాకన్నా ముందే తెలుసు. మిగతా పిల్లలు ఆకలేస్తే ఏడిసేవోళ్ళు. నేను ఆవిడ కనపడకపోతే ఏడిసేవోణ్ణి. ఎడంచేతి వాటం పిల్లోడికి కుడిచెయ్యి నేర్పినట్టు నేర్పింది. ఏడుపొస్తే పట్టాల కింద స్లీపర్లు లెక్కెట్టమనేది. నవ్వొస్తే నాలిక కరుచుకోమనేది. ఎవరి మీదైనా ఇష్టం పుడితే వాళ్ళకి ఎదురుపడకు అంది." తలెత్తి ఆమె వైపు చూశాడు. "నీకు ఎదురుపడకుండా ఎలాగ? జత ఆఫీసు నిన్నే ఇచ్చింది."

రేడియో సంగతి కూడా అప్పుడే చెప్పాడు. సెట్టు బాగానే ఉండేదట. ఆమె గొంతు ఇంకోసారి వినాలని అడిగేవాడట. ఆమె నిద్రపోయాక చెయ్యి పట్టుకునేవాడట.

మాధవీలత ఆలోచించి, "అడిగితే మెలకువగా ఉన్నప్పుడే ఇచ్చేదాన్ని కదా" అంది.

"ఇచ్చేదానివి. అందుకే అడగలేదు" అన్నాడు పైడిరాజు.

ఆ నెలంతా అతనికి డ్యూటీ లేదు. దాచుకునే పనీ లేదు. ఆమె డ్యూటీ నుంచి వస్తూ మలుపు తిరగ్గానే ఎదురు పరిగెత్తుకొచ్చేవాడు. అన్నం తింటుంటే అలా చూస్తూ ఉండిపోయేవాడు. ఒకరోజు ఆమె గంటన్నర ఆలస్యంగా వస్తే గుమ్మంలో నిలబడి గట్టిగా అరిచాడు. అరిచాక గోడకు తల ఆనించి క్షమించమన్నాడు. ఇదే కాబోలు కోపమంటే, దీన్ని ఏరెయ్యడం మంచిదే అనుకుంది మాధవీలత. కానీ మర్నాడు, డ్యూటీ పది నిమిషాల ముందే ముగించుకుని వచ్చింది.

ఆమెకు అర్థం చేసుకోవాలని ఉండేది. పని నేర్చుకునేటప్పుడు అడిగినట్టే అడిగేది. "అది ఎలా ఉంటాది, మీకు?"

పైడిరాజు వెతుక్కుని వెతుక్కుని చెప్పేవాడు. "భన్వర్‌టోంక్ ఘాట్ ఎక్కేటప్పుడు బండి ఎనక బ్యాంకర్ ఇంజిను పెడతారా? అది నాకు కనపడదు. యాభై ఎనిమిది వ్యాగన్ల ఎనకెక్కడో ఉంటాది. కానీ ఉందని నా ఒళ్ళంతటికీ తెలుస్తాది. అది నెట్టడం ఆపిందా, బండి మొత్తం ఎనక్కి లాగేస్తాది. నువ్వు ఊళ్ళో ఉన్నావు, ఆ కుర్చీలో కూచున్నావు అంటే నాకు అలా ఉంటాది. నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఎనక్కి లాగేసింది."

ఆమె కళ్ళు మూసుకుని అలాంటిదేమైనా తనలో దొరుకుతుందేమోనని చూసుకునేది. దొరికేది కాదు. ఆకలి ఉండేది, నిద్ర ఉండేది, వానాకాలంలో కిటికీ తీస్తే వచ్చే గాలి బాగుండేది. అతనంటే మంచివాడనే అభిప్రాయం ఉండేది. అంతకు మించి చేయి పెట్టి చూపించదగినదేమీ లేదు.

ఇంకా నాలుగు రోజుల గడువు ఉందనగా, ఒక సాయంత్రం పైడిరాజు పెరట్లో కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. మాధవీలత వెళ్ళి అతని వెనక నిలబడింది. పొద్దున్నుంచీ మనసులో కూర్చుకున్న మాట చెప్పింది.

"నాకూ ఉంది. మీ మీద. మీకున్నదే."

పైడిరాజు కొళాయి కట్టేశాడు. మెల్లగా ఇటు తిరిగాడు. అతని మొహం చూసి, ఇంత పెద్ద వెలుగు ఒక మాటకు వస్తుందా అని ఆమె ఆశ్చర్యపోయింది.

"ఎక్కడుంది?"

ఆమె తడబడి, కుడిపక్కన డొక్క మీద చెయ్యి పెట్టుకుంది.

పైడిరాజు పెద్దగా నవ్వాడు. పక్క క్వార్టరావిడ తలుపు తీసి, అతని సంగతి గుర్తొచ్చి, మళ్ళీ వేసుకుంది. నవ్వుతూ నవ్వుతూ అతను అక్కడే తడి నేల మీద కూలబడ్డాడు. నవ్వు ఎక్కడ ఆగి ఏడుపు ఎక్కడ మొదలైందో ఆమెకు తెలియలేదు.

"పుట్టి బుద్ధెరిగి ఎప్పుడైనా అబద్ధం ఆడావా, మాధవీ?"

"లేదు. ఆ అవసరం పడలేదు."

"మరి ఇప్పుడెందుకు ఆడావు?"

"మీకు బాగుంటాదని."

"బాగుంది" అన్నాడు. కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ అన్నాడు. "చాలా బాగుంది."

ఆమె కూడా పక్కన గట్టు మీద కూర్చుంది. అవతల యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి తగులుకుంటున్న చప్పుడు వస్తోంది. పైడిరాజు కాసేపటికి అడిగాడు. "నన్ను ఏటి చెయ్యమంటావు? నువ్వు చెప్పు. నువ్వెప్పుడూ నన్ను ఇది కావాలని అడగలేదు."

మాధవీలత రెండు బళ్ళలో ఏది ముందు పంపాలో చూసినట్టే చూసింది. "ఉండిపోండి" అంది.

"ఎందుకు?"

"అక్కడ మీకు తెలిసినోళ్ళు ఎవరూ లేరు. ఇక్కడ క్వార్టరుంది, డ్యూటీ ఉంది. కుదుదండ్‌లో అత్త ఒక్కతే ఉంది. నేనుంటాను."

"అక్కడికెళ్తే నాలో ఇది ఉంటాది, నువ్వుండవు. ఇక్కడుంటే నువ్వుంటావు, ఇది ఉండదు."

"మరి మనిషే కదా ముఖ్యం" అంది మాధవీలత.

పైడిరాజు కొళాయిని ఇంకోసారి బిగించాడు. "అచ్ఛా" అన్నాడు చివరికి. "నువ్వు ఉండమన్నావు. అది చాల్లే."

నాలుగో రోజు పొద్దున్న ఇద్దరూ నడిచే వెళ్ళారు. ఆసుపత్రి మెట్ల దగ్గర పైడిరాజు ఆగి, "ఒక్క నిమిషం కదలకు" అన్నాడు. ఆమె ఎదురుగా నిలబడి చూశాడు. కొత్త సెక్షన్‌లో బండి నడిపే ముందు డ్రైవర్లు దారి నేర్చుకుంటారు. ఏ సిగ్నల్ ఎటు పక్క ఉంది, ఏ వంపు ఎక్కడ మొదలవుతుంది, అన్నీ కళ్ళతో పట్టుకుంటారు. అలా చూశాడు, నుదురు, కనుబొమలు, చెవి పక్కన నెరిసిన వెంట్రుకలు. ఆ దారిలో మళ్ళీ నడిచేది లేదని తెలిసి కూడా చూశాడు.

ఎండ ఆమె కళ్ళలో పడుతోంది. "ఇంక ఎల్లండి. లోపల పేరు పిలుస్తన్నారు" అంది.

వెళ్ళాడు.

మూడు వారాలకు పైడిరాజు ఇంటికొచ్చాడు. బాగున్నాడు. నాలుగు కిలోలు పెరిగాడు, నిద్ర పడుతోందన్నాడు. వచ్చిన రోజే పెరట్లో తీగ తెగితే కట్టాడు, ఆమెకు తలనొప్పిగా ఉందంటే వంట చేశాడు. ఏం చెప్పినా శ్రద్ధగా విన్నాడు. ఏ లోటూ లేదు.

వారం తర్వాత డ్యూటీలో చేరాడు. అతని బండి లైనెక్కిన రోజు మాధవీలత కుర్చీలోనే ఉంది. ఘాట్ ముందు స్టేషన్లో పక్కనున్న లూప్ లైన్లో ఆగమని, వెనక వస్తున్న ఎక్స్‌ప్రెస్ దాటాక కదలమని రేడియోలో చెప్పింది. చెప్పి, బటను మీంచి వేలు తీసి, ఎదురుచూసింది.

"సమజ్ గయా, కంట్రోల్" అని, అర్థమైనట్టు చెప్పి పైడిరాజు లైను కట్ చేశాడు.

ఆమె వేలు బటను పక్కనే ఉంది. మరో స్టేషన్ వాళ్ళు పిలుస్తున్నారు. ఆమె మళ్ళీ బటను నొక్కి, అదే ఆర్డరు మొదట్నుంచి చివరిదాకా ఇంకోసారి చదివింది.

"విన్నాను, కంట్రోల్" అన్నాడు పైడిరాజు. "మొదటిసారే సరిగ్గా వినపడింది."

ఆ సాయంత్రం డ్యూటీ దిగి గేటు దగ్గర కాసేపు నిలబడింది. ఎవరో "ఏమైనా మర్చిపోయారా మేడమ్" అని అడిగితే, అలాగే ఉందని జవాబిచ్చింది. తర్వాత చాలా రోజులు అన్నం సగంలో వదిలేసింది. ఒకరోజు బళ్ళ చార్టులో ఒక గూడ్సును ముప్పావుగంట మర్చిపోయింది. పద్నాలుగేళ్ళ సర్వీసులో అదే మొదటి తప్పు. వెంటనే డాక్టర్ రవిచంద్ర దగ్గరికి వెళ్ళి, తనకేదో తేడా వచ్చిందని, పొంగేమో చూడమని అడిగింది.

పరీక్షలన్నీ చేశారు. "ఏమీ లేదు. మీరు పూర్తిగా నిమ్మళంగా ఉన్నారు" అన్నాడు డాక్టరు. "ఏదైనా పోతే కొన్నాళ్ళు వెతుక్కోవడం మామూలే."

"పోయింది ఆయనది, డాక్టరు గారూ. నాది ఏదీ పోలేదు. మరి వెతుక్కుంటున్నది నేనెందుకు?"

రవిచంద్ర పరీక్ష కాగితం ఇంకోసారి చూశాడు. చూసి, "నాకు తెలియదమ్మా" అన్నాడు.

ఆదివారం కుదుదండ్‌లో అత్త దగ్గరికి వెళ్ళింది. అప్పలనర్సమ్మ ట్రాకు గ్యాంగులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. కోడలికి టీ ఇచ్చి ఎదురుగా చాప మీద కూర్చుంది.

"మొన్న వొచ్చినాడే ఆడు. మందులు తెచ్చినాడు, పంకా బాగుసేసినాడు, ఎల్లిపోనాడు. బాగున్నాడు."

"బాగున్నారు, అత్తా."

"సిన్నప్పుడు నాను డూటీకెల్తాంటే కాలట్టుకుని యేలాడీవోడు. అలాగే వాకిట్దాకా ఈడ్సుకెల్లీదాన్ని. యే పిల్లలూ అలా సేసీవోళ్ళు కాదు. నాకు రోజూ ఆలిస్యమయిపోయీది, గ్యాంగు మేటు అడిగీవోడు ఎందుకని." ముసలావిడ టీ చల్లారిపోతున్నా గ్లాసు పట్టుకునే ఉంది. "ఓ రోజు ఆడు కాలట్టుకోనేదు. అప్పటికి ఏడేళ్ళు. నాను నేర్పిందే, బాగా నేర్సుకున్నాడని అనుకున్నాను. అనుకుని వాకిట్లో నిలబడిపోనాను. ఎందుకు నిలబడ్డానో నాకు తెల్దు. అంతవరకు ఎప్పుడూ టయానికి ఎల్లనిదాన్ని, ఆ రోజూ ఆలిస్యంగానే ఎల్లినాను."

ఇద్దరూ పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నారు. వెళ్ళేటప్పుడు అప్పలనర్సమ్మ, "మల్లీ ఆదోరం రాయే" అంది. అంతకు ముందెప్పుడూ అలా పిలిచింది కాదు.

ఇంటికొచ్చేసరికి పైడిరాజు ఉతికిన బట్టలు మడత పెడుతున్నాడు. మాధవీలత చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి అంది. "నేను తప్పు చెప్పాను. మిమ్మల్ని ఉండిపొమ్మనకుండా ఉండాల్సింది. మీరు దాంతోనే ఎక్కడో ఒకచోట ఉండుంటే బాగుండేది. నన్ను క్షమించండి."

పైడిరాజు మడత ఆపి, ఆమె మాటను జాగ్రత్తగా ఆలోచించాడు. "క్షమించడానికి ఏటుంది? నువ్వు సరిగ్గానే చెప్పావు. నాకు ఇప్పుడు ఏ బాధా లేదు."

"మీకు ఆ రోజులు గుర్తున్నాయా?"

"అన్నీ గుర్తే. నీకోసం చాలా చేసేవోణ్ణి. ఎందుకు చేసేవోణ్ణో కూడా గుర్తుంది."

"ఇప్పుడు తలుచుకుంటే ఎలా ఉంటాది?"

"ఎవరో చెప్పిన సంగతిలా ఉంటాది. మంచోడే ఎవడో. పాపం, కష్టపడినాడు" అన్నాడు పైడిరాజు. ఆమె మొహం చూసి లేచి వచ్చాడు. "ఏటయింది? ఎక్కడ నొప్పి?"

మాధవీలత అతని వైపు చూసింది. తనకు ఏమవుతోందో చెబితే అర్థమయ్యే మనిషి ఈ లోకంలో ఒక్కడే ఉండేవాడు. అతన్ని ఎండలో మెట్ల మీంచి లోపలికి పంపింది తనే. "ఏం లేదు. నడిచొచ్చాను కదా" అంది.

అతను కుర్చీ జరిపి, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

మరుసటి ఏడాది చైత్రంలో క్లినిక్కు నుంచి కబురు వచ్చింది. వాళ్ళకు బిడ్డ వంతు వచ్చింది, ఫలానా రోజు ఇద్దరూ రావాలి. పైడిరాజు తేదీ చూసి ఆ రోజుకు సెలవు పెట్టాడు. మాధవీలత మూడు రోజులు ఆలోచించింది. ఏరించి కనడానికి ఆమెకు మనసొప్పలేదు. మనసొప్పకపోవడమంటే ఏమిటో కూడా ఆమెకు అప్పుడే తెలిసింది. ఏరకుండా కని, స్లీపర్లు లెక్కపెట్టుకుంటూ బతకమని ఒక పసివాడికి నేర్పడం, నేర్పి చివరికి ఆ మెట్ల దాకా నడిపించుకెళ్ళడం అంతకన్నా చేతకాదు. ఆ సంగతి భర్తతో చెప్పింది. అతను విని, "నీ ఇష్టం. నాకు ఎలాగైనా పర్లేదు" అన్నాడు.

ఆమె ఒక్కతే క్లినిక్కుకు వెళ్ళి, తమ వంతు వదులుకుంటున్నట్టు ఫారం నింపి ఇచ్చింది. కౌంటర్లో ఉన్న అమ్మాయి ఫారం అంతా చూసి, కారణం రాసే చోట ఏమీ రాయలేదని వేలు పెట్టి చూపించింది. మాధవీలత కలం తీసుకుంది. చాలాసేపు నిలబడింది. వెనక వరసలో ఉన్నవాళ్ళు విసుక్కోకుండా ఆగారు.

"నాకు ఆ మాట తెలీదమ్మా. ఖాళీగా ఉండనివ్వు" అని కలం తిరిగిచ్చి, డ్యూటీకి వెళ్ళిపోయింది.